ప్రభుత్వ బడిలో పిల్లల మేళం: పైసా వసూలు చేయకుండా ఎలా మొదలుపెట్టాలి

నేను ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర ఒక ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతాను. సంగీతం నా సబ్జెక్టు కాదు. అయినా మా బడిలో పిల్లల మేళం నడుస్తోంది. గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల్లో తెలుగు పిల్లలు చదివే బడులు చాలా ఉన్నాయి. వాటిలో ఏదో ఒక బడి టీచరో, బడి కమిటీ సభ్యులో, ఊళ్ళో పాట తెలిసిన మనిషో ఇది చదివి మొదలుపెడతారని రాస్తున్నాను.

మేళం అంటే సంగీతం క్లాసు కాదు. క్లాసులో ఒక్కొక్కరూ పాట నేర్చుకుంటారు, బాగా పాడేవాళ్ళకి బహుమతి వస్తుంది, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు. మేళంలో ఏ ఒక్కరూ పాటంతా ఒంటరిగా వాయించలేరు. పక్కవాడు ఎక్కడున్నాడో చెవితో కనిపెట్టుకుంటూ తన వంతు రాగానే వెయ్యాలి. పిల్లలకి ఇవ్వవలసింది ఇదేనని నా నమ్మకం. కింద చెప్పే ప్రతి పనీ దీన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నదే.

వెనిజులా దేశంలో 1975లో హోసే అంతోనియో అబ్రెయూ అనే ఆయన పేద పిల్లల కోసం ఉచిత ఆర్కెస్ట్రా మొదలుపెట్టారు. వందమంది వస్తారనుకుని 50 నొటేషన్ స్టాండ్లు సంపాదించుకుంటే, మొదటిరోజు వచ్చింది 11 మంది. ఆ పని తర్వాత దేశమంతా పాకి ఎల్ సిస్తేమా అనే పేరుతో పేరుకెక్కింది, గుస్తావో దుదమెల్ లాంటి కండక్టర్ (ఆర్కెస్ట్రాని నడిపించే మనిషి) అందులోంచే వచ్చాడు. అక్కడిలా రోజూ గంటల తరబడి సాధన మనకి కుదరదు. వయొలిన్లు, ట్రంపెట్లు కొనడం అసలే కుదరదు. ఆయన దగ్గర మనం తీసుకోవలసింది ఒక్కటే: పిల్లవాడు ముందు నేర్చుకుని తర్వాత బృందంలోకి రావడం కాదు, మొదటిరోజే బృందంలో కూర్చుని అక్కడే నేర్చుకోవాలి.

మొదట అనుమతి, వేళ

హెడ్మాస్టరు గారి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకండి. ఒక కాగితం మీద వారానికి ఎన్నిరోజులు, ఎన్ని నిమిషాలు, ఏ గదిలో, ఏ తరగతుల పిల్లలు, పెద్దవాళ్ళు ఎవరెవరు ఉంటారు అని రాసి తీసుకెళ్ళండి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి నిర్వహణ కమిటీ ఉంటుంది, అందులో ఎక్కువమంది తల్లిదండ్రులే. ఆ కమిటీ సమావేశంలో మాట పెట్టించి తీర్మానం పుస్తకంలో రాయించండి. హెడ్మాస్టర్లు బదిలీ అయిపోతారు, తీర్మానం మాత్రం బడిలోనే ఉంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కళలను చదువులో భాగంగానే చెప్పింది, అడిగినవాళ్ళకి ఆ మాట చెప్పవచ్చు. 9 నుంచి 12 తరగతుల పిల్లలకి 2015 నుంచి కళా ఉత్సవ్ పోటీలు కూడా జరుగుతున్నాయి. కానీ పోటీ పేరు చెప్పి మొదలుపెట్టవద్దు. పోటీ అనగానే పెద్దలు బాగా పాడే ఆరుగుర్ని ఏరేస్తారు.

వేళ బడి గంటల్లోనే ఉండాలి. ఇది గట్టిగా పట్టుపట్టండి. బడి అయ్యాక అన్నారంటే దూరం ఊళ్ళ పిల్లలు రాలేరు, పశువులు తోలుకొచ్చే పిల్లలు రాలేరు, చెల్లిని ఎత్తుకోవలసిన ఆడపిల్లలు అసలే రాలేరు. చివరికి బజారు వీధి పిల్లలు మాత్రమే మిగులుతారు. వారానికి మూడుసార్లు 40 నిమిషాలు దొరికితే చాలు. వరికోతల రోజుల్లో హాజరు పడిపోతుంది. ఆ వారాల్లో కొత్త పాట మొదలుపెట్టకుండా పాతవి నడపండి.

ఎవర్ని తీసుకోవాలి

వచ్చినవాళ్ళందర్నీ. పరీక్ష పెట్టకండి, గొంతు వినకండి. ఒక తరగతిని ఎంచుకుంటే ఆ తరగతి మొత్తం మేళంలో ఉన్నట్టే. ఐదు, ఆరు తరగతులు కలిపి నలభైమంది దాకా అయితే బాగుంటుంది.

ఇంటికి ఒక చీటీ పంపి తల్లిదో తండ్రిదో సంతకం లేదా వేలిముద్ర తీసుకోండి. ఆ చీటీలోనే "దీనికి డబ్బు కట్టనక్కర్లేదు, ఎప్పుడూ అడగం" అని రాయండి. రాసిన మాట మీద నిలబడాలి. ఫీజు ఎవరూ అడగరు గానీ ఖర్చు వేరే దారుల్లో వస్తుంది: ఒకే రంగు బట్టలు, ఆటో కిరాయి, ఫొటో, సర్టిఫికెట్ లామినేషను. ప్రదర్శనకి యూనిఫామే చాలు. బట్టలు కొనలేక ఒక పిల్ల ఆ రోజు జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోతే మేళం పెట్టి లాభం లేదు.

నేర్పేవాళ్ళు

సంగీతం టీచరు లేరని ఆగిపోకండి. మన జిల్లాల్లో తాళం తెలిసిన మనిషి లేని ఊరు అరుదు. పద్యనాటకాలకి హార్మోనియం వాయించిన పెద్దలు ఉన్నారు, ఇప్పుడు నాటకాలు తగ్గి ఇంట్లో కూర్చున్నారు. భజన మండళ్ళలో మద్దెల వాళ్ళు, కోలాటం గురువులు, తప్పెటగుళ్ళ బృందాలు ఉన్నాయి. ఒడియా కీర్తన బృందాల్లో మృదంగం వాళ్ళున్నారు. గంజాం వైపు దండనాట అనే జానపద ఆటకి ఢోలు, మహురి (సన్నాయి లాంటిది) వాయించేవాళ్ళున్నారు. మోహన, ఆర్.ఉదయగిరి వైపు చర్చిల్లో కుర్రాళ్ళు గిటారు, కీబోర్డు వాయిస్తారు. సవర గూడేల్లో డప్పుల దరువు ఎలా పడుతుందో విన్నవాళ్ళకి తెలుసు.

వెళ్ళి అడిగేటప్పుడు "పిల్లలకి సంగీతం నేర్పండి" అనకండి, భయపడతారు. "వారానికి ఒక్కరోజు వచ్చి, ఒక్క దరువు మా పిల్లల చేత వేయించండి తాతా" అనండి. ఒప్పుకుంటారు. రానూపోనూ ఖర్చు, టీ, భోజనం మర్యాదగా చూసుకోండి. పిల్లలకి ఉచితమంటే గురువుకి కూడా ఉచితమని కాదు. ఊళ్ళో దాతలు ఏమైనా ఇస్తామంటే మొదటి రూపాయి ఆయన చేతికే వెళ్ళాలి.

బయట మనిషి వచ్చిన ప్రతిసారీ గదిలో ఒక టీచరు కూడా ఉండాలి, తలుపు తెరిచే ఉంచాలి. ఆ మనిషి ఎంత గౌరవనీయుడైనా సరే ఈ నియమం మారకూడదు. అందరికీ ఒకే నియమమని ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు.

వాద్యాలు: కొనకముందు ఇది చదవండి

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను. రథయాత్ర తీర్థంలో ఒక దుకాణంలో పది వెదురు పిల్లంగోవులు కొన్నాను. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. బడికొచ్చి ఒకదాని తర్వాత ఒకటి ఊదితే ఏ రెండూ ఒక శ్రుతిలో లేవు. పదిమంది పిల్లలు ఎంతో ఆశగా కలిసి ఊదారు, ఆ మోత భరించలేక వాళ్ళే ఆపేశారు. మూడునెలలు కూడబెట్టిన డబ్బు పోయింది. అంతకన్నా, తమకి రాదనే అనుకున్నారు పిల్లలు, తప్పు వెదురుదని వాళ్ళకి తోచలేదు. అందుకే చెబుతున్నాను: కలిపి వాయించవలసిన వాద్యాలు విడివిడిగా ఎంత బాగున్నా చాలదు, ఒకదానితో ఒకటి కలవాలి. హార్మోనియం పక్కన పెట్టుకుని పలికించి చూడకుండా ఏదీ కొనకండి. ఊదే వాద్యాలు మొదటి ఏడాది అసలు వద్దు. ఒకరి ఎంగిలి ఒకరు పంచుకోవలసి వస్తుంది కూడా.

తర్వాత మేం పైపులతో మొదలుపెట్టాం. లెక్క సరిగ్గా వస్తే ఇది తప్పకుండా పలుకుతుంది.

నీళ్ళ పైపుల దుకాణంలో అర అంగుళం జి.ఐ. పైపు (జింకు పూత పూసిన ఇనప గొట్టం) దొరుకుతుంది, పొడవు 20 అడుగులు, అంటే సుమారు 6 మీటర్లు. ఒక్క పైపులో రెండు సెట్లు వస్తాయి. మోహన రాగంలో స రి గ ప ద, పై స, మొత్తం ఆరు ముక్కలు ఒక సెట్టు. ఇనప కమ్మీ అయినా పైపు అయినా, పొడవు తగ్గేకొద్దీ స్వరం పెరుగుతుంది, అదీ పొడవు వర్గానికి విలోమంగా. పై స కావాలంటే పొడవు సగానికి కొయ్యకూడదు, సుమారు 0.707 వంతు ఉంచాలి. (మా ఎనిమిదో తరగతి పిల్లలకి వర్గమూలం నేను ఈ పైపుల మీదే చెబుతాను.) ముక్కల పొడవులు ఇవి:

స: 45 సెం.మీ., దారం కట్టే చోటు చివరి నుంచి 10.1
రి: 42.4 సెం.మీ., దారం 9.5
గ: 40.2 సెం.మీ., దారం 9.0
ప: 36.7 సెం.మీ., దారం 8.2
ద: 34.9 సెం.మీ., దారం 7.8
పై స: 31.8 సెం.మీ., దారం 7.1

వెల్డింగు షాపులో కోయించేటప్పుడు ఒక్కోదానికి ఒక సెంటీమీటరు ఎక్కువే ఉంచమనండి. తర్వాత హార్మోనియంతోనో, ఫోనులో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్‌తోనో చూస్తూ ఆకురాయితో చివర కొంచెం కొంచెం అరగదీయండి. అరిగేకొద్దీ స్వరం పైకి పోతుంది. ముందు స కుదిర్చి, మిగతావి దానికి కలపండి. 45 సెం.మీ. ముక్క రెండో శ్రుతి (ట్యూనర్‌లో D) దరిదాపుల్లో పలుకుతుంది, పైపు మందాన్నిబట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. ఎక్కువ అరిగిపోతే పారేయకండి, దాని పై స్వరానికి వాడుకోవచ్చు. అంచులు నున్నగా రుద్ది టేపు చుట్టండి, లేకపోతే వేళ్ళు తెగుతాయి.

దారం ఎక్కడ కట్టాలో కొలత ఎందుకిచ్చానంటే, పైపు మోగుతున్నప్పుడు మొత్తం ఊగదు. పొడవులో ఇంచుమించు 22.4 శాతం దగ్గర, రెండు పక్కలా, కదలని చోట్లు ఉంటాయి. ఇది పిల్లల చేతే కనిపెట్టించండి. స పైపుని నడుమ రెండు వేళ్ళతో పట్టుకుని కొట్టమంటే "టక్" మని చచ్చిపోతుంది. వేళ్ళు మెల్లగా చివరివైపు జరుపుతూ కొడుతూ ఉండమనండి. పది సెంటీమీటర్ల దగ్గరికి రాగానే ఒక్కసారిగా గుడి గంటలా మోగి, ఆగకుండా సాగుతుంది. మా ఆరో తరగతి పిల్ల ఒకతె అక్కడ వేళ్ళు ఆపేసి, ఊపిరి బిగబట్టి, మోత పూర్తిగా ఆగేదాకా కదలలేదు. ఆపైన "మేస్టారూ, ఇక్కడ ఇది నిద్దరోతంది, అందుకే మిగతాదంతా పాడతంది" అంది. నేను పుస్తకంలో చదివినదానికన్నా బాగా చెప్పింది.

అక్కడ చిల్లు వేయించి నైలాను దారం కట్టి, ఎడమ చేత్తో వేలాడదీసి, నడుమ భాగంలో కొట్టాలి. కొట్టడానికి వెదురు పుల్ల చివర పాత సైకిలు ట్యూబు ముక్క గట్టిగా చుడితే చాలు. రబ్బరు లేకుండా కర్రతో కొడితే చెవికి గుచ్చుకుంటుంది.

ఇక దరువు వాద్యాలు: రెండు డప్పులు, ఒక మద్దెల, రెండు జతల తాళాలు, నాలుగు జతల చిడతలు, కోలాటం కర్రలు. వీటిని ఊళ్ళో అడిగితే అరువిస్తారు. వానాకాలం తోలు మెత్తబడి డప్పు గొంతు పడిపోతుంది. వాయించేముందు సెగ చూపించడం పెద్దవాళ్ళ పని, పిల్లలకి అప్పగించకండి. రేకుల గదిలో డప్పు మోత చెవులకి ప్రమాదం. డప్పుల జట్టుని వరండాలోనో చెట్టు కిందో కూర్చోబెట్టండి.

మొదటి నెల

మొదటి వారం వాద్యం ఏదీ బయటికి తీయకండి. పిల్లలు గోల చేస్తారు, అయినా తీయకండి. అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, ఒక్కొక్కరూ ఒక్క చప్పట, పక్కవాళ్ళకి అందించుకుంటూ పోవాలి. నలభై చప్పట్లు ఒకే నడకలో తిరిగి మొదటి పిల్లవాడి దగ్గరికి రావాలి. మొదట్లో పరుగెడుతుంది, ఒకచోట తెగుతుంది. మూడోరోజుకి కుదురుతుంది.

తర్వాత ఎనిమిది లెక్కల ఆది తాళం. అందరూ 1 నుంచి 8 దాకా చప్పట్లు. ఆపైన ఎనిమిదోది మాత్రం కొట్టకూడదు, మనసులో లెక్కపెట్టుకోవాలి. ఆ తర్వాత ఏడు, ఎనిమిది రెండూ మౌనం. నలభైమంది ఒకే చోట చేయి ఆపి, మళ్ళీ ఒకే చోట మొదలుపెట్టిన రోజున మీకు మేళం ఉన్నట్టే. కొట్టడం ఎవరైనా కొడతారు, ఆగడం కలిసి నేర్చుకోవాలి. నేనైతే నెల మొత్తంలో ఎక్కువ సమయం ఈ ఆగడానికే ఇస్తాను.

రెండో వారం పైపులు. ఒక్కొక్కరికి ఒక్క స్వరం. పన్నెండుమంది పైపుల దగ్గర, పదిమంది దరువు దగ్గర, మిగతావాళ్ళు గొంతుతో. రెండు వారాలకొకసారి అందరూ చోట్లు మారాలి. ఒక్కడే డప్పుకి అంటుకుపోతే ఒప్పుకోకండి.

మన బడుల్లో ఒకే బెంచీ మీద తెలుగు రాసేవాడు, ఒడియా రాసేవాడు పక్కపక్కన కూర్చుంటారు. కాబట్టి స్వరాలకి రంగులు పెట్టండి: స ఎరుపు, రి నారింజ, గ పసుపు, ప ఆకుపచ్చ, ద నీలం, పై స మళ్ళీ ఎరుపే, చుట్టూ నల్ల గీతతో. పైపు మీద రంగు టేపు, చార్టు మీద అదే రంగు చుక్క. ఏ లిపి పైన రాయాలి అనే గొడవే రాదు. మొదటి పాఠానికి ఇవి చాలు (సʼ అంటే పై స):

స రి గ ప | గ రి | స –
గ ప ద ప | గ రి | స –
ప ద సʼ ద | ప గ | రి –
స రి గ ప | గ రి | స –

మూడో వరుస రి దగ్గర ఆగుతుంది. అక్కడ పిల్లలకి ఏదో అసంపూర్తిగా ఉన్నట్టు అనిపిస్తుంది. అడగండి, "అయిపోయిందా?" అని. లేదంటారు. ఎందుకో వాళ్ళే వెతుక్కుంటారు. మోహనలో ఏ రెండు స్వరాలు కలిసి పడ్డా పెద్దగా చెవి మెలిపెట్టదు, అందుకే కొత్త మేళానికి ఇది మంచిది. (మన జిల్లాలో మోహన అనే ఊరే ఉండటం నాకెప్పుడూ సంతోషం.)

పాడించేటప్పుడు శ్రుతి సంగతి మరిచిపోవద్దు. పెద్దవాళ్ళం మన గొంతుకి కుదిరిన చోట ఎత్తుకుంటాం, పిల్లలు కింద స్వరాలు అందక గొణుగుతారు, పైన అరుస్తారు. రెండో శ్రుతి పెట్టుకుని స నుంచి ద మధ్యలో తిరిగే పాటలు ఎంచుకోండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిలకి గొంతు పగిలే వయసు. వాళ్ళని పైస్థాయికి బలవంతపెట్టకండి, నవ్వనివ్వకండి. కొన్నాళ్ళు దరువు దగ్గర గౌరవంగా చోటివ్వండి.

ఏ పాటలు

సినిమా పాటతో మొదలుపెట్టమని అందరూ అడుగుతారు. మొదటి ఏడాది వద్దంటాను. ఆ పాట ఎలా ఉండాలో పిల్లల చెవిలో ముందే ఉంటుంది, మన పైపులు, డప్పులు దానికి తక్కువగానే వినిపిస్తాయి. ఇంటి నుంచి పాట తెమ్మనండి. నానమ్మ ఊడ్పుల్లో పాడినది, అమ్మ జోలపాట, కోలాటం పాట, ఒడియా ఇంట్లో పండగ పాట, సవర గూడెం దరువు. తెచ్చిన పిల్లే నేర్పాలి, ఆ రోజుకి గురువు తనే. సవర పిల్లలు మొదట నోరు విప్పరు. వాళ్ళ దరువుతో మొదలుపెట్టి, మాటలు వాళ్ళు ఇచ్చినప్పుడే తీసుకోండి. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు అందాలని వాచకాలు తయారుచేసింది పర్లాకిమిడిలో ఉండగానే. అదే ఊరి బడిలో సవర పాటకి చోటు లేకపోతే మనకి చిన్నతనం.

గూడెంలో పూజకి మాత్రమే వాడే దరువులు కొన్ని ఉంటాయి. పెద్దల్ని అడిగి, వాళ్ళు వద్దన్నవి వదిలేయండి.

సామాను, లెక్కలు

దానంగా వచ్చిన ప్రతి వస్తువూ బడి స్టాకు రిజిస్టరులో ఎక్కించండి. డబ్బు కన్నా వస్తువు తీసుకోవడమే మేలు. దాత చేతే దుకాణంలో బిల్లు కట్టించి, ఆ బిల్లు కాపీ ఫైల్లో పెట్టండి. ఉచితంగా నడిచే పనికి ఒక్క అనుమానపు మాట చాలు ఆగిపోవడానికి.

వాద్యాలు నేలమీద పెట్టకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లాని ఎలా ముంచిందో అందరికీ గుర్తే. ఇనప బీరువాలో పై అరల్లో, తోలు వాద్యాలు గుడ్డలో చుట్టి పెట్టండి. పైపులకి నెలకొకసారి కొబ్బరినూనె గుడ్డతో తుడవండి, చివర్లు తుప్పు పట్టవు. తాళం చెవి ఇద్దరి దగ్గర ఉండాలి. ఒక్కరి దగ్గరే ఉంటే ఆయన సెలవు పెట్టిన వారం మేళం ఉండదు.

మొదటి ప్రదర్శన

మూడు నెలల ముందు వద్దు. వినాయకచవితికో, సరస్వతీపూజకో బడిలో ఎలాగూ జనం వస్తారు, అప్పుడు పెట్టుకోండి. రెండు పాటలు చాలు, పది నిమిషాలు. మైకు పాట పాడేవాళ్ళకి ఒకటి, పైపులకి ఒకటి, డప్పులకి అక్కర్లేదు. వేదిక మీద కాకుండా మైదానంలో గుండ్రంగా కూర్చోబెడితే వెనకాల కూర్చున్న పిల్ల కూడా వాళ్ళమ్మకి కనిపిస్తుంది. ఎవరైనా లెక్క తప్పితే మీరు చేయి పైకెత్తి అందర్నీ ఆపి, "ఒకటి" నుంచి మళ్ళీ మొదలుపెట్టించండి. అలా ఆపుతామని ముందే పిల్లలకి చెప్పి, ఆ ఆపడాన్ని కూడా రెండుసార్లు సాధన చేయించండి. భయం పోతుంది.

అయ్యాక పుల్లలు లెక్కపెట్టుకోండి, సైకిలు ట్యూబు పుల్లలు ఎప్పుడూ రెండు తగ్గుతాయి.

కొత్త విద్యాసంవత్సరం మొదలవగానే కొత్త ఐదో తరగతి వస్తుంది. ఆ రోజు మీరు నేర్పకండి. ఏడో తరగతికి వెళ్ళిన పిల్లల్ని పిలిచి, ఒక్కొక్కరి పైపు ఒక్కొక్క కొత్త పిల్లకి ఇప్పించండి. దారం పట్టుకోకుండా, నడుమ వేళ్ళతో పట్టుకుని ఒకసారి కొట్టించి, వేళ్ళు చివరివైపు జరిపించడం వాళ్ళకి తెలుసు.